గాలిని కిందికి నెడితే పైకి లేస్తాం



తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కునే ఒక బొమ్మ మీకందరికీ తెలుసు. ఒక సన్నని పుల్ల. పుల్ల చివర రెండు రెక్కలు. ఆ పుల్లను రెండు అరచేతుల మధ్య పెట్టి గిర్రున తిప్పి వదిలేయాలి. అంతే, బొమ్మ సర్రున పైకి లేస్తుంది. కాసేపు గాలిలో తిరుగుతుంది. వేగం తగ్గాక మెల్లగా కిందికి దిగుతుంది.

ఆ బొమ్మ ఎందుకు లేచింది? దానికి ఇంజను లేదు. పిట్టలాగా రెక్కలు ఆడించలేదు. ఊరికే గిరగిరా తిరిగింది, అంతే కదా! తిరిగితే లేస్తుందా? అలాగైతే మన ఇంట్లో తిరగలి కూడా తిరుగుతుంది. బండి చక్రం తిరుగుతుంది. కుమ్మరి సారె తిరుగుతుంది. అవెందుకు లేవవు?

ఈ రోజు మాట్లాడుకునేది ఈ ఒక్క ప్రశ్న గురించే. జవాబు చిన్నదే. కానీ ఆ జవాబు వెదకడంలో కొందరు ఆస్తులు పోగొట్టుకున్నారు. కొందరు ఏళ్ళకేళ్ళు ఎదురు చూశారు. చివరికి ఆ జవాబు భూమిని దాటి ఇంకో గ్రహం దాకా వెళ్ళింది.

గాలి ఉత్తది కాదు

ఖాళీ గదిని చూసి "లోపల ఏమీ లేదు" అంటాం. అది తప్పు. లోపల గాలి ఉంది. గాలికి బరువు ఉంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 32 కిలోలు ఉంటుంది. అంటే ఒక మనిషి మోసేటంత మూట!

బరువున్న దాన్ని నెట్టవచ్చు. నెడితే అది మనల్ని తిరిగి నెడుతుంది. పడవ నడిపేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. తెడ్డుతో నీటిని వెనక్కి తోస్తే పడవ ముందుకు పోతుంది. నీళ్ళు వెనక్కి, పడవ ముందుకు. న్యూటన్ అనే శాస్త్రవేత్త 1687లో అచ్చయిన తన పుస్తకంలో దీన్నే సూత్రంగా రాశాడు. ఒకటి ఇంకొకదాన్ని నెడితే, అది కూడా అంతే బలంగా ఎదురు నెడుతుంది.

ఇప్పుడు ఇంట్లో సీలింగ్ ఫ్యాను చూడండి. ఆపి, రెక్కను జాగ్రత్తగా గమనించండి. రెక్క నేలకు సమంగా పరిచినట్టు ఉండదు. ఒక పక్కకు కొంచెం వాలి ఉంటుంది. ఆ వాలు వల్లనే రెక్క తిరిగినప్పుడు గాలిని కిందికి తోస్తుంది. మనకు చల్లగా తగులుతుంది. మరి ఫ్యాను గాలిని కిందికి తోస్తే, గాలి ఫ్యానును ఎటు తోస్తుంది? పైకి! అవును. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ దాన్ని మోసే ఇనప కడ్డీ మీద భారం కాస్త తగ్గుతుంది. ఫ్యాను బరువు ఎక్కువ, ఆ తోపు తక్కువ. అందుకే ఎగిరిపోదు.

రెక్కలకు వాలు లేకపోతే? ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. తిరగలి సంగతీ అంతే. అది గుండ్రంగా, సమంగా ఉంటుంది. ఎంత తిప్పినా గాలిని కిందికి నెట్టదు. కాబట్టి పైకి లేవదు. చూశారా! తిరగడం ఒక్కటే చాలదు. గాలిని కిందికి నెట్టాలి.

"మరి పిల్లలు విసిరే ప్లాస్టిక్ పళ్ళెం ఎగురుతుంది కదా, దానికి రెక్కలు లేవు కదా" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ పళ్ళేన్ని ముందుకు విసురుతాం. అది ముందు అంచు కొంచెం ఎత్తి పోతూ, ఎదురు గాలిని కిందికి మళ్ళిస్తుంది. దాన్ని మోసేది ముందుకు పోయే ఆ వేగమే. మరి తిరగడం ఎందుకు? పల్టీ కొట్టకుండా ఉండటానికి. తిరిగే బొంగరం నిలబడుతుంది, ఆగిన బొంగరం పడిపోతుంది. పళ్ళెమూ అంతే.

గాలిమర విమానం

ఇప్పుడు స్పెయిన్ దేశానికి పోదాం. అక్కడ హువాన్ దె లా సియెర్వా అనే యువ ఇంజనీరు ఉండేవాడు. ఆయన తయారు చేసిన మూడు ఇంజన్ల విమానం 1919లో కూలిపోయింది. కారణం ఏమిటి? మామూలు విమానానికి రెక్కలు కదలవు. విమానం ముందుకు వేగంగా పోతేనే ఆ రెక్కలు గాలిని కిందికి నెడతాయి. వేగం తగ్గితే మోసే శక్తి పోతుంది. విమానం రాయిలా పడుతుంది. ఆ రోజు నేలకు దగ్గరలో జరిగింది అదే.

సియెర్వా ఆలోచించాడు. వేగం తగ్గినా పడని విమానం చేయలేమా? విమానం మెల్లగా పోయినా రెక్కలు మాత్రం వేగంగా తిరుగుతూ ఉంటే? ఆయన విమానం నెత్తిన పెద్ద గాలిమర లాంటిది పెట్టాడు. దాన్ని ఇంజను తిప్పదు. ఇంజను ముందున్న పంకాను తిప్పి విమానాన్ని లాగుతుంది. ఎదురు గాలి తగిలి నెత్తి మీది రెక్కలు వాటంతట అవే తిరుగుతాయి. ఆ రెక్కలు వేగంగా తిరిగితే విడివిడిగా కనబడవు. ఒక గుండ్రటి పళ్ళెంలా కనబడతాయి.

తయారు చేశాడు. పరుగెత్తించాడు. విమానం పక్కకు ఒరిగి పడిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఒరిగింది. మూడోదీ పనికి రాలేదు.

ఎందుకు ఒరిగింది? సైకిలు తొక్కేవాళ్ళను అడగండి. గాలికి ఎదురు తొక్కితే గాలి మొహానికి బలంగా కొడుతుంది. గాలి వాలున పోతే అసలు తగలదు. విమానం ముందుకు పోతున్నప్పుడు ఒక పక్క రెక్క గాలికి ఎదురు వస్తుంది. రెండో పక్క రెక్క గాలితో పాటు పోతుంది. ఎదురు వచ్చే రెక్క ఎక్కువ లేపుతుంది. రెండోది తక్కువ లేపుతుంది. కావడికి ఒక పక్క బిందె నిండుగా, ఇంకో పక్క సగమే ఉంటే ఏమవుతుంది? అదే జరిగింది.

కానీ విచిత్రం! ఆయన చేసిన చిన్న నమూనా బొమ్మ మాత్రం చక్కగా ఎగిరింది. బొమ్మ ఎగరడం ఏమిటి, పెద్దది పడటం ఏమిటి? చూస్తే తేడా దొరికింది. బొమ్మ రెక్కలకు పేము బెత్తం వాడారు. బెత్తం వంగుతుంది. ఎక్కువ గాలి తగిలిన రెక్క కొంచెం పైకి వంగి, అదనపు బలాన్ని వదిలేసుకుంటోంది. పెద్ద విమానం రెక్కలు బిర్రుగా ఉన్నాయి, వంగవు.

అప్పుడు సియెర్వా ప్రతి రెక్క మొదట్లో తలుపుకు ఉండే మడతబందు లాంటిది పెట్టాడు. ఇప్పుడు రెక్క పైకీ కిందికీ ఆడగలదు. 1923 జనవరిలో ఆ విమానం ఒరగకుండా ఎగిరింది. 1928లో అలాంటి విమానంలోనే ఆయన లండన్ నుంచి సముద్రం దాటి పారిస్ చేరాడు. ఇంజను ఆగినా అది రాయిలా పడదు. కింది నుంచి తగిలే గాలికి రెక్కలు తిరుగుతూ మెల్లగా దిగుతుంది.

ఈ కథకు విషాదమైన ముగింపు ఉంది. 1936 డిసెంబరులో సియెర్వా లండన్‌లో ఒక ప్రయాణికుల విమానం ఎక్కాడు. పొగమంచులో ఆ విమానం లేస్తూనే కూలిపోయింది. ఆయన చనిపోయాడు. అది తిరిగే రెక్కల విమానం కాదు. మామూలు విమానం.

తోక పంకా ఎందుకు?

సియెర్వా విమానం గాలిలో ఒకచోట ఆగి నిలబడలేదు. ముందుకు పోతూనే ఉండాలి. నిలబడాలంటే నెత్తి మీది రెక్కలను ఇంజనే తిప్పాలి. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది.

చిన్న తెప్ప మీద నిలబడి ఒంటిని గిరుక్కున కుడికి తిప్పండి. కాళ్ళ కింద తెప్ప ఎడమకు తిరుగుతుంది. హెలికాప్టరులోనూ అంతే. ఇంజను రెక్కలను ఒక వైపు తిప్పితే, హెలికాప్టరు ఒళ్ళు రెండో వైపు తిరుగుతుంది. లోపల కూర్చున్నవాడు గిరగిరా తిరగాల్సిందే!

దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, తోక చివర పక్కకు గాలి తోసే చిన్న పంకా పెట్టడం. అమెరికాలో స్థిరపడిన ఇగోర్ సికోర్‌స్కీ అనే ఇంజనీరు 1939 సెప్టెంబరులో ఇలాంటి హెలికాప్టరును నేలకు తాళ్ళతో కట్టి, కొద్ది ఎత్తు లేపి చూశాడు. నేటి హెలికాప్టర్లలో ఎక్కువ వాటికి ఇలాంటి తోక పంకాయే కనబడుతుంది. రెండో ఉపాయం, రెండు జతల రెక్కలు పెట్టి ఒక జతను కుడికి, ఒక జతను ఎడమకు తిప్పడం. ఈ రెండో ఉపాయాన్ని గుర్తుంచుకోండి. కాసేపట్లో దాని పని పడుతుంది.

కోటి డాలర్ల పళ్ళెం

రెక్కలు తిరిగితే పళ్ళెంలా కనబడతాయి కదా. మరి విమానమే పళ్ళెంలా ఉంటే ఎంత బాగుంటుంది! సినిమాల్లో వేరే లోకం వాళ్ళు అలాంటి వాటిలోనే కదా దిగుతారు!

కెనడా దేశంలో ఒక విమాన కంపెనీ నిజంగానే అలాంటిది చేసింది. పేరు ఆవ్రోకార్. జాన్ ఫ్రాస్ట్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. అమెరికా సైన్యం డబ్బు ఇచ్చింది. పళ్ళెం అడ్డంగా ఐదున్నర మీటర్లు. నడిమధ్యలో ఒకటిన్నర మీటర్ల పంకా. మూడు జెట్ ఇంజన్లు ఆ పంకాను తిప్పుతాయి. పంకా పీల్చిన గాలి గొట్టాల గుండా పోయి పళ్ళెం అంచుల నుంచి కిందికి కొడుతుంది. ఇది గంటకు 480 కిలోమీటర్ల వేగంతో, 3000 మీటర్ల ఎత్తున పోతుందని ఆశపడ్డారు.

1959 నవంబరు 12న అది తాళ్ళు లేకుండా లేచింది. ఎంత ఎత్తు లేచింది? సుమారు ఒక మీటరు. అంటే మనిషి నడుమెత్తు! ఆ ఎత్తు దాటితే నీటి మీద తేలే చిప్పలా ఊగిపోయేది. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు కింద గాలి పరుపులా పేరుకుని మోసేది. కాస్త పైకి పోతే ఆ పరుపు చెదిరిపోయేది. వేగం గంటకు 56 కిలోమీటర్లు దాటలేదు. 1961 డిసెంబరులో పని ఆపేశారు. అప్పటికి సుమారు కోటి డాలర్లు ఖర్చయ్యాయి.

ఎక్కడ పొరపాటు జరిగింది? మళ్ళీ పడవ దగ్గరికి రండి. వెడల్పు తెడ్డుతో మెల్లగా తోస్తే పడవ సుఖంగా పోతుంది. సన్న కర్రతో తోయాలంటే చేతులు పడిపోయేలా గబగబా కొట్టాలి. పడవ అదే, బరువు అదే. కానీ ఒళ్ళు హూనం అవుతుంది. గాలిలోనూ అంతే. పెద్ద రెక్కలతో ఎక్కువ గాలిని మెల్లగా తోస్తే తక్కువ ఇంధనం చాలు. చిన్న పంకాతో కొంచెం గాలిని చాలా వేగంగా తోయాలంటే ఇంధనం బోలెడు కావాలి. అందుకే హెలికాప్టరు రెక్కలు అంత పొడవు ఉంటాయి. పళ్ళెం లోపల అంత పెద్ద రెక్కలు పట్టవు. పైగా గొట్టాల మలుపుల్లో చాలా సత్తువ హరించుకుపోయింది.

అయినా ఒక మంచి మాట చెప్పుకోవాలి. పరీక్షలు పెట్టారు. లెక్కలు రాశారు. పనికి రాదని తేలితే ఆ మాటే రాశారు. రూపం గొప్పగా ఉందని మోసపోలేదు.

గాలి పలచబడితే?

ఇప్పటిదాకా మన గాలి గురించే మాట్లాడుకున్నాం. అసలు గాలే సరిగా లేని చోట?

అంగారకుడి మీద గాలి ఉంది. కానీ మన గాలిలో సుమారు నూరో వంతు చిక్కదనమే. ఇక్కడ ఒక తోపు తోస్తే వచ్చే బలం అక్కడ రాదు. తెడ్డు వేయబోతే నీళ్ళే లేనట్టు! ఒక్క సదుపాయం మాత్రం ఉంది. అక్కడ వస్తువుల బరువు కూడా తక్కువ. ఇక్కడ 100 కిలోలు తూగే మనిషి అక్కడ 38 కిలోలే తూగుతాడు.

అక్కడ హెలికాప్టరు ఎగరగలదు అని నమ్మినవాళ్ళలో బాబ్ బలరాం ఒకరు. ఆయన దక్షిణ భారతంలో పెరిగాడు. మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో చదివాడు. తర్వాత మద్రాసు ఐఐటీలో ఇంజనీరింగు చదివాడు. 1960లలో, ఆయన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, ఆయన మామయ్య అమెరికా కాన్సులేటుకు ఒక ఉత్తరం రాశాడట. అంతరిక్షం గురించి వివరాలు పంపమని అడిగాడు. కొన్నాళ్ళకు లావుపాటి కవరు వచ్చింది. దాని నిండా బొమ్మల పుస్తకాలు. ఆ పుస్తకాలు చూసి ఆ పిల్లవాడి మనసు ఆకాశం మీదికి పోయింది. చూడండి, ఒక్క ఉత్తరం ముక్క ఎంత పని చేసిందో!

బలరాం పెద్దయ్యాక అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఇంజనీరు అయ్యాడు. 1990లలోనే అంగారకుడి హెలికాప్టరు గురించి రాసి ఇచ్చాడు. డబ్బు మంజూరు కాలేదు. ఆ కాగితాలు సుమారు 15 ఏళ్ళు మూలన పడి ఉన్నాయి. ఆయన ఓపిక వదల్లేదు. చివరికి పని మొదలైంది. బర్మాలో పెరిగిన మీమీ ఆంగ్ అనే ఆమె ఆ పనికి నాయకురాలు. బలరాం ముఖ్య ఇంజనీరు.

వాళ్ళు ఏం చేశారు? గాలి తక్కువ కాబట్టి రెక్కలు పెద్దవి కావాలి. వేగం ఎక్కువ కావాలి. ఒంటి బరువు తక్కువ కావాలి. బరువు 1.8 కిలోలకు కుదించారు. రెక్కల కొస నుంచి కొసకు 1.2 మీటర్లు. రెండు జతల రెక్కలు ఒకదాని మీద ఒకటి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. రెండో ఉపాయం గుర్తుందా? అదే ఇది! తోక పంకా అక్కరలేదు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి 300, 400 సార్లు తిరుగుతుంది. ఇది సుమారు 2400 సార్లు తిరగాలి.

ఎగురుతుందని ఎలా తెలుసుకోవాలి? ఒక పెద్ద ఇనప గదిలో గాలి తోడేశారు. అంగారకుడి మీద ఉండేటంత పలచని గాలిని ఉంచారు. 2014లో నమూనాను లేపితే అది చేతి అదుపుకు లొంగలేదు, ఎగిరెగిరి పడింది. రెక్కలను మరింత బిర్రుగా చేశారు. అదుపు పని కంప్యూటరుకు అప్పగించారు. 2016లో నమూనా నిలకడగా ఎగిరింది.

2021 ఫిబ్రవరిలో ఇంజెన్యుటీ అనే ఆ చిన్న హెలికాప్టరు ఒక బండి కడుపు కింద ఉండి అంగారకుడి మీద దిగింది. అక్కడి నుంచి భూమికి సంకేతం రావడానికే అప్పట్లో పావుగంట పైగా పట్టేది. పడిపోతున్నా ఇక్కడి నుంచి ఎవరూ పట్టుకోలేరు. దాని పని అదే చూసుకోవాలి. ఏప్రిల్ 19న రెక్కలు తిరిగాయి. మూడు మీటర్లు లేచింది. 39 సెకన్లు గాలిలో ఉండి చక్కగా దిగింది. ఇంకో గ్రహం మీద ఇంజనుతో, అదుపులో ఎగిరిన మొదటి వాహనం అదే.

ఐదు సార్లు ఎగిరితే చాలనుకున్నారు. అది 72 సార్లు ఎగిరింది. చివరిసారి 2024 జనవరి 18న. ఆ హెలికాప్టరు కింద కెమెరా ఉంటుంది. నేల మీది రాళ్ళను, గుర్తులను చూసుకుంటూ ఎటు పోతున్నదో లెక్క కడుతుంది. ఆ రోజు కింద అంతా నున్నని ఇసుక. చదువుకోవడానికి గుర్తులు లేవు. లెక్క తప్పింది. గట్టిగా దిగింది. రెక్కలు విరిగాయి. రెక్కలు గాలిని నెట్టలేకపోతే హెలికాప్టరు లేదు. అంతటితో దాని పని ముగిసింది.

మన ఊరికి వస్తే

ఇదంతా దూరపు సంగతి అనుకోకండి. 2024 సెప్టెంబరులో విజయవాడను వరద ముంచినప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లు తిండి పొట్లాలు, నీళ్ళ సీసాలు అందించాయి. పొలాల్లో మందు చల్లే డ్రోన్లు వచ్చాయి. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదించింది. మీ సంఘంలోనే ఒక అక్క దాన్ని నడపవచ్చు.

డ్రోను కూడా అదే సూత్రం మీద ఎగురుతుంది. నాలుగో ఆరో పంకాలు గాలిని కిందికి నెడతాయి. సగం పంకాలు కుడికి, సగం ఎడమకు. మందు డబ్బా నిండుగా ఉంటే ఎక్కువ గాలి నెట్టాలి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఎంత బరువు మోయగలదో యంత్రంతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. అది చదివిన తర్వాతే ఎత్తాలి. తిరిగే రెక్క కంటికి పలచని పళ్ళెంలా కనబడుతుంది. కానీ అది కత్తి. పిల్లలను దూరంగా ఉంచాలి. పూర్తిగా ఆగిన తర్వాతే దగ్గరికి పోవాలి.

రేపు ఎవరైనా వచ్చి "ఈ చక్రం ఊరికే తిరుగుతుంది, దానంతటదే లేస్తుంది, డబ్బు పెట్టండి" అంటే ఏమడగాలో ఇప్పుడు మీకు తెలుసు. "ఇది దేన్ని కిందికి నెడుతుంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే అది తిరగలే!

చేసి చూడండి

1. ఒక కాగితం పట్టీ తీసుకోండి. పై సగాన్ని నిలువుగా మధ్యకు చీల్చండి. ఒక పాయను ముందుకు, ఒక పాయను వెనక్కి మడవండి. కింది కొసను సన్నగా మడిచి గుండుసూది గుచ్చండి. ఎత్తు నుంచి వదలండి. ఏం జరిగింది? ఇప్పుడు రెక్కలు మడవకుండా వదిలి చూడండి. తేడా ఏమిటి?

2. సీలింగ్ ఫ్యానును ఆపి రెక్క వాలు ఎటు ఉందో చూడండి. ఫ్యాను ఎటు తిరుగుతుందో చూడండి. రెండింటినీ మీ పలకపై బొమ్మ గీయండి.

చర్చించండి

1. తిరగలి ఎందుకు ఎగరదు?
2. సియెర్వాకు దారి చూపింది పెద్ద విమానమా, చిన్న బొమ్మా?
3. పళ్ళెం విమానం పనికి రాదని ఒప్పుకోవడం ఓటమా, తెలివా? మీరేమంటారు?